రుజువుకు కట్టుబడిన పండితుడు అబూ రైహాన్ అల్ బైరూనీ

శ్రీహరికోట పేరు వినని తెలుగువారు ఉండరు. ఒకవైపు పులికాట్ సరస్సు, ఇంకోవైపు బంగాళాఖాతం, మధ్యలో దీవి. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది, 2022 నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్టు లేచింది. మన దేశం చంద్రుని వద్దకు పంపిన మూడు నౌకలూ, 2008 అక్టోబరు 22న ఒకటి, 2019 జులై 22న ఒకటి, 2023 జులై 14న ఒకటి, అక్కడి నుంచే బయలుదేరాయి. ప్రయోగం ఉందంటే సూళ్లూరుపేట చుట్టుపక్కల పిల్లలూ పెద్దలూ మిద్దెలెక్కి ఆకాశం వైపు చూస్తారు.

చంద్రుని ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన ఇళ్లలోనూ, మసీదు వరండాల్లోనూ ఒక పాత కథ మళ్లీ తలెత్తుతుంది. చంద్రునిపై మొదట కాలుమోపిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అక్కడ అజాన్ విన్నాడట. తర్వాత ఒక ముస్లిం దేశంలో అదే ధ్వని విని గుర్తుపట్టి ఇస్లాం స్వీకరించాడట. ఈ కథ చెప్పేవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ కథ నిజం కాదు. 1983లో అమెరికా విదేశాంగ శాఖ ఆయన తరఫున తమ రాయబార కార్యాలయాలకు సందేశం పంపి, ఈ వార్తలో వాస్తవం లేదని తెలియజేసింది. పైగా చంద్రునిపై గాలి లేదు. గాలి లేని చోట ధ్వని ప్రయాణించదని బడి పిల్లలు కూడా చదువుకుంటారు.

అసలు నష్టం ఇక్కడే ఉంది. ఇంట్లో పెద్దవాళ్ల నోట ఈ కథ విన్న పిల్లవాడు రేపు బడిలో ధ్వని పాఠం చదువుతాడు. అబ్బాజాన్ చెప్పినది అబద్ధమని తేలిపోతుంది. ఆ తర్వాత అదే అబ్బాజాన్ నమాజు గురించి, పరలోకం గురించి చెప్పే మాట మీద ఆ పిల్లవాడికి ఎంత నమ్మకం మిగులుతుంది? సత్యధర్మానికి బలం చేకూర్చాలని తెచ్చిన బలహీనమైన దలీల్ ఆ ధర్మం మీదే అనుమానం పుట్టించి పోతుంది.

వార్త తెచ్చినవాడు నమ్మదగినవాడు కానప్పుడు ముందు విచారించి తెలుసుకోవాలని దివ్య ఖుర్‌ఆన్ సూరా హుజురాత్ 6వ ఆయతులో అల్లాహ్ ఆదేశించాడు. ఇక దైవప్రవక్త (సఅసం) ఆచరణ చూడండి. ఆయన పసిబిడ్డ ఇబ్రాహీం మరణించిన రోజునే సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్త కుమారుని మరణం వల్లనే సూర్యుడు చీకటి పడ్డాడని మదీనా ప్రజలు అనుకోసాగారు. ఊరుకుని ఉంటే ఆ మాట ప్రవక్తకు మహిమగానే చెలామణి అయ్యేది. కానీ పుత్రశోకంలో ఉండి కూడా ఆయన (సఅసం) ఆ మాటను అక్కడికక్కడే ఖండించారు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలేనని, ఎవరి చావు కోసమో పుట్టుక కోసమో వాటికి గ్రహణం పట్టదని తెలియజేసి నమాజుకు నిలబడ్డారు. తనకు అనుకూలంగా వచ్చిన తప్పుడు రుజువును కూడా తిరస్కరించడం మన ప్రవక్త (సఅసం) సున్నత్.

ఈ సున్నత్‌ను విద్యలో నిలబెట్టిన ఒక మహనీయుని జీవితాన్ని ఈ నెల పాఠకుల ముందుంచుతున్నాము. చంద్రుని తూర్పు అంచుకు అవతల, మామూలుగా భూమి నుంచి కనిపించని వైపున, ఒక పెద్ద గుంట ఉంది. 1970లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య దానికి పెట్టిన పేరు అల్ బైరూనీ. శ్రీహరికోట నుంచి వెళ్లి చంద్రుని ధ్రువాల మీదుగా తిరిగిన మన నౌకలు ఆ గుంట మీదుగా కూడా సాగిపోయాయి. చంద్రుని మీద ముస్లింల గుర్తు కావాలనుకునే వారికి కట్టుకథ అవసరం లేదు. నిజమైన పేరే అక్కడ ఉంది.

అబూ రైహాన్ ముహమ్మద్ బిన్ అహ్మద్ అల్ బైరూనీ (రహ్మతుల్లాహి అలైహ్) హిజ్రీ 362 జుల్‌హిజ్జ మాసంలో, అంటే క్రీ.శ. 973 సెప్టెంబరులో, ఖ్వారజ్మ్ రాజధాని కాస్ నగరం శివార్లలో జన్మించారు. ఆ ప్రాంతం నేడు ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. బైరూన్ అంటే ఫార్సీలో వెలుపల అని అర్థం. నగరం వెలుపలివాడు కనుక బైరూనీ అయ్యారు. మన ఉర్దూలో బైరూనీ ముల్క్ అంటే విదేశం అన్నట్లే. రాజకుటుంబీకుడూ గణిత పండితుడూ అయిన అబూ నస్ర్ మన్సూర్ ఆయనను చేరదీసి చదువు చెప్పారు.

పదిహేడేళ్ల వయసులోనే ఆయన మధ్యాహ్న సూర్యుని ఎత్తు కొలిచి, దాన్నిబట్టి తమ ఊరి అక్షాంశాన్ని లెక్కగట్టారు. పాత గ్రంథాల్లో ఆ అంకె రాసి ఉండలేదా అంటే, ఉండవచ్చు. అయినా ఎవరో రాసినది ఎత్తిరాయడానికి ఆ యువకునికి మనసొప్పలేదు. తర్వాత పదిహేను మూరల వలయం ఒకటి తయారుచేసుకుని సూర్యుని కదలికలు చూడసాగారు. ఇంతలో 995లో అంతర్యుద్ధం వచ్చింది. ఆశ్రయమిచ్చిన రాజవంశం కూలిపోయింది. ఆయన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఊరు విడిచారు.

రెండేళ్లకు తిరిగి వచ్చిన తర్వాత చేసిన పని చూడండి. 997 మే 24న చంద్రగ్రహణం ఉంది. బగ్దాదులో ఉన్న మహా గణితవేత్త అబుల్ వఫాతో ముందే మాట్లాడుకుని, ఆయన అక్కడ, తాను కాస్‌లో ఒకే గ్రహణాన్ని చూసి వేళలు రాసుకున్నారు. చంద్రగ్రహణం లోకమంతటికీ ఒకే క్షణాన జరుగుతుంది. అయితే ఒక్కో ఊరి స్థానిక సమయం ఒక్కో రకంగా ఉంటుంది. రెండు ఊళ్ల సమయాల మధ్య తేడా సుమారు ఒక గంట వచ్చింది. గంటకు 15 డిగ్రీల చొప్పున రెండు నగరాల మధ్య రేఖాంశ భేదం తెలిసిపోయింది. ఫోను లేదు, తంతి లేదు. ఇద్దరు విశ్వసనీయ సాక్షులు, ఒకే చంద్రుడు. ఫిఖహ్ గ్రంథాల్లో షహాదత్ అధ్యాయం చదివిన వారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

గుర్గాన్ పాలకుని ఆశ్రయంలో ఉన్న కాలంలో, క్రీ.శ. 1000 ప్రాంతంలో, వివిధ జాతుల పంచాంగాలు, పండుగలు, కాలగణనల మీద ఆయన రాసిన ఆసారుల్ బాఖియా నేటికీ నిలిచి ఉంది. ఇంచుమించు ఆ రోజుల్లోనే బుఖారాలోని ఇబ్నె సీనాతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచాయి. ఇబ్నె సీనా ఆయనకంటే ఏడేళ్లు చిన్న. బైరూనీ పద్దెనిమిది ప్రశ్నలు పంపారు. పది ప్రశ్నలు యవన తత్వవేత్త అరస్తూ రాసిన ఆకాశ గ్రంథం మీద, మిగిలిన ఎనిమిది ప్రకృతి విషయాల మీద. మంచుగడ్డ నీటిమీద ఎందుకు తేలుతుంది? నీరు గడ్డకడితే సీసా ఎందుకు పగులుతుంది? చల్లదనం వస్తువును కుదించేదే అయితే, సీసాలోని నీరు గడ్డకట్టి కుదించుకుపోవాలి గదా! మన వంటింటి ఫ్రిజ్‌లో నీళ్ల సీసా పగిలితే ఫ్రిజ్‌ను తిట్టుకుంటాము. ఆయన ఆ పగిలిన సీసాను శతాబ్దాలుగా ఎవరూ కాదనని సిద్ధాంతం ముందు సాక్షిగా నిలబెట్టారు.

ఇక్కడ ఒక్క మాట మా అభిప్రాయంగా చెప్పాలి. ఇబ్నె సీనా జవాబులు పంపారు. బైరూనీ వాటిమీద మళ్లీ ఆక్షేపణలు రాశారు. ఈసారి ఆయన మాటల్లో పదును మితిమీరింది. ఇబ్నె సీనా స్వయంగా జవాబివ్వక, తన శిష్యుడు మఅసూమీకి అప్పగించారు. ఆ శిష్యుడు విషయంతోపాటు బైరూనీ మాటతీరును కూడా తప్పుపట్టాడు. ఆ కాలపు ఇద్దరు గొప్ప మేధావుల మధ్య సంభాషణ అంతటితో ఆగింది. దలీల్ ఎంత బలమైనదైనా నాలుక కరుకైతే ఎదుటివాని చెవి మూసుకుపోతుంది. సూరా నహ్ల్ 125వ ఆయతులో వివేకంతో, మంచి ఉపదేశంతో పిలవమని, వాదించవలసి వస్తే అత్యుత్తమ రీతిలో వాదించమని ఆదేశం ఉన్నది ఇందుకే. మన మునాజరా సభల్లో ఈ రెండో సగం తరచు మరుగున పడుతుంది.

1017లో సుల్తాన్ మహ్మూద్ గజ్నవీ ఖ్వారజ్మ్‌ను జయించి అక్కడి పండితులను గజ్నీకి తరలించాడు. వారిలో బైరూనీ కూడా ఉన్నారు. తన ఇష్టంతో వెళ్లిన ప్రయాణం కాదది. అయినా మిగిలిన జీవితమంతా ఆయన చేతిలో కలం ఆగలేదు.

గజ్నీ కాలపు తొలి రచనల్లో నీడల మీద ఒక గ్రంథం ఉంది. జొహర్, అస్ర్ వేళలు నీడను బట్టే నిర్ణయమవుతాయి కనుక ఇది శాస్త్రమూ, ఫిఖహ్ కూడా. అందులో ఆయన ఒక సంఘటన చెప్పారు. నమాజు వేళలు తెలిపే పరికరం ఒకదానిని మతనిష్ఠ గల ఒకాయన మసీదులోకి రానివ్వలేదు. కారణం, దానిమీద రూమీ క్రైస్తవుల నెలల పేర్లు చెక్కి ఉన్నాయి. దానిని వాడితే అన్యులను అనుకరించినట్లవుతుందని ఆయన వాదం. దానికి బైరూనీ ఇచ్చిన సమాధానం చిన్నదే. రూమీయులు అన్నం కూడా తింటారు, బజారులో కూడా నడుస్తారు, మరి వాటిలోనూ వారిని అనుకరించకుండా ఉండవలసిందే గదా అన్నారు. ఎగతాళిలా ఉన్నా ఇందులో ఒక ప్రమాణం ఉంది. నీడ సూర్యుని వెంట నడుస్తుంది. చాంద్రమాన నెలలు ఋతువులన్నింటిలోనూ తిరుగుతాయి. కాబట్టి నీడల పట్టికకు సౌరమాన నెలలే కావాలి. మన మసీదు గోడకు వేలాడే నమాజు వేళల పట్టికలో జనవరి, ఫిబ్రవరి అని ఉండడానికి కారణం ఇదే. దాన్ని ఎవరూ ఆక్షేపించడం మేము వినలేదు.

తర్వాత ఖిబ్లా విషయం. హిజ్రీ 416లో, అంటే 1025లో, ఆయన పూర్తిచేసిన తహ్‌దీద్ గ్రంథం ప్రధాన లక్ష్యాల్లో గజ్నీ నగరానికి ఖిబ్లా దిశను రుజువులతో నిర్ణయించడం ఒకటి. అందుకు ఊరి అక్షాంశం కావాలి, మక్కా అక్షాంశం కావాలి, రెండింటి మధ్య రేఖాంశ భేదం కావాలి, ఆపైన గోళ గణితం కావాలి. ఆయన ఒక్క దారిలో లెక్కించి ఊరుకోలేదు. వేరువేరు దారుల్లో లెక్కించి ఫలితాలు పోల్చి చూశారు.

అదే లెక్క శ్రీహరికోటకు వేసి చూద్దాం. అక్కడి అక్షాంశం సుమారు 13.7 డిగ్రీలు, మక్కాది 21.4 డిగ్రీలు. రెండింటి మధ్య రేఖాంశ భేదం సుమారు 40 డిగ్రీలు. లెక్క తేల్చేది ఏమిటంటే, ఈ తీరానికి ఖిబ్లా నేరుగా పడమర కాదు, పడమర నుంచి సుమారు 17 డిగ్రీలు ఉత్తరానికి వాలి ఉంటుంది. నేరుగా పడమరకు తిరిగి చదివిన నమాజులు చెల్లవని కంగారు పడనక్కరలేదు. దూర ప్రాంతాల వారికి దిశ చాలునని, ఇంత వాలు నమాజును భంగపరచదని హనఫీ ఫిఖహ్‌లో స్పష్టంగా ఉంది. అయితే కొత్త మసీదుకు పునాది తవ్వేటప్పుడు సరైన దిశ తెలిసి కూడా నిర్లక్ష్యం చేయడం తగదు. లెక్క మీద నమ్మకం లేనివారు కళ్లతోనే చూసుకోవచ్చు. ఏటా మే 28న మన గడియారం ప్రకారం మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకు, జులై 16 ప్రాంతంలో 2 గంటల 57 నిమిషాలకు సూర్యుడు సరిగ్గా కఅబా నడినెత్తిన ఉంటాడు. ఆ వేళకు ఒక కర్రను నిటారుగా పాతండి. నీడ ఎటు పడితే దానికి సరిగ్గా ఎదురు దిశ ఖిబ్లా. ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు కూడా పెరట్లోనో మేడమీదనో చేసి చూడగల పని ఇది.

భూమి చుట్టుకొలత లెక్కించడానికి ఆయన ఎన్నుకున్న చోటు పంజాబులోని నందన కోట. నేడది పాకిస్తాన్‌లో ఉంది. కొండ ఎత్తు కొలిచి, శిఖరం నుంచి చూస్తే దిగంతం కంటిమట్టానికి ఎంత కిందుగా కనిపిస్తుందో ఆ కోణం కొలిచి, ఆ రెండు అంకెలతో భూమి వ్యాసార్థం తేల్చారు. ఆయన లెక్క నేటి లెక్కకు వెంట్రుకవాసి తేడాతో సరిపోయిందని చాలా చోట్ల రాస్తుంటారు. ఆయన వాడిన మూర పొడవు ఎంత అన్నదాని మీద నిపుణుల్లో భేదాభిప్రాయాలున్నాయి. పద్ధతి అమోఘం అన్నంతవరకు మేము నిశ్చింతగా చెప్పగలం. మిగిలిన గొప్పను బైరూనీయే ఒప్పుకునేవారు కాదేమో.

ఆయన స్వభావం తెలియాలంటే పచ్చల కథ వినాలి. పచ్చను చూస్తే పాము కళ్లు కరిగి కారిపోతాయని ఆ కాలంలో పెద్ద పెద్ద గ్రంథాల్లో రాసి ఉంది. జనం కూడా నమ్మేవారు. బైరూనీ పచ్చల హారాన్ని పాముకు తొడిగారు. పాము ఉన్న బోనులో పచ్చలు పరిచారు. పచ్చలు గుచ్చిన దారాన్ని దాని కళ్లముందు ఆడించారు. ఒకటి రెండు రోజులు కాదు, ఎండలోనూ చలిలోనూ తొమ్మిది నెలల పాటు పరీక్షించారు. పాముకు ఏమీ కాలేదు. దాని చూపు ఇంకా పదునెక్కిందేమో తెలియదు గానీ కళ్లు మాత్రం కరగలేదని రత్నాల మీద రాసిన గ్రంథంలో నమోదు చేశారు. ఒక్కసారి చూసి అబద్ధమని కొట్టివేయవచ్చు. కానీ ఎండాకాలంలో చూశావు, చలికాలంలో అయితే కరిగేవి అని రేపు ఎవరైనా అనవచ్చు. ఆ సందు కూడా ముందే మూసేశారు. ఎదుటివాడు ఏ ప్రశ్న వేస్తాడో తానే ముందుగా వేసుకోవడం అంటే ఇదే.

ఈ స్వభావం నేటికీ అవసరమే. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎస్.ఎల్.వి-3 రాకెట్టు సముద్రంలో పడిపోయింది. ఆ పథకానికి నాయకుడు రామేశ్వరం బిడ్డ అబ్దుల్ కలాం. రాకెట్టు పడేలోపు పంపిన సంకేతాలను, ప్రయోగానికి ముందరి నమోదులను ఒక్కొక్కటే పరిశీలించారు. రెండో దశను అదుపుచేసే ఏర్పాటులో ఒక కవాటం సరిగా మూసుకోక ఆమ్లం కారిపోయిందని తేల్చారు. లోపం సవరించి 1980 జులై 18న అదే రకం రాకెట్టుతో రోహిణిని కక్ష్యలో నిలిపారు. దిష్టి తగిలిందనో, గడియ మంచిది కాదనో అనుకుని ఊరుకుని ఉంటే రెండో రాకెట్టు కూడా సముద్రం పాలయ్యేది.

బైరూనీ రచనల్లో మన దేశానికి సంబంధించినది 1030లో పూర్తయిన కితాబుల్ హింద్. ఆ పుస్తకం పుట్టిన సందర్భం అందరూ గమనించదగినది. అబూ సహల్ తిఫ్లీసీ అనే పండితుడు ఒకనాడు ఆయనతో మాట్లాడుతూ, ఒక రచయిత ముఅతజిలా వర్గం వారి విశ్వాసాన్ని వక్రీకరించి రాశాడని బాధపడ్డారు. ఇతర మతాల గురించి, అందులోనూ హిందువుల గురించి మనవాళ్లు రాసిన పుస్తకాల పరిస్థితి ఇంతకంటే ఘోరమని, ఒకరిని చూసి ఒకరు ఎత్తిరాసిన విన్నమాటలే తప్ప విచారించినది లేదని ఆ సంభాషణలో తేలింది. మీరే రాయండని తిఫ్లీసీ కోరారు. బైరూనీ నడివయసులో సంస్కృతం నేర్చుకున్నారు. పండితుల ముందు శిష్యునిలా కూర్చున్నారు. పతంజలి యోగ గ్రంథాన్ని అరబీలోకి అనువదించారు.

పుస్తకం మొదట్లోనే విన్నమాట కళ్లారా చూసినదానికి సాటిరాదని చెప్పి, అబద్ధపు వార్తలు ఎలా పుడతాయో వివరించారు. తన వర్గాన్ని గొప్పచేయడానికి ఒకడు కల్పిస్తాడు. ఎదుటి వర్గం మీద ద్వేషంతో ఒకడు కల్పిస్తాడు. లాభం కోసమో భయం వల్లనో ఇంకొకడు చెబుతాడు. ఏమీ తెలియక విన్నది విన్నట్లు దాటవేసేవాడు మరొకడు. వెయ్యేళ్ల కింద రాసిన ఈ మాటలు చదివి మన చేతిలోని ఫోను తెరిస్తే అందరూ అక్కడే కనిపిస్తారు. నాలుగోవాడి స్థానంలో చాలాసార్లు మంచి ముస్లింలే ఉంటారు.

హిందువుల విశ్వాసాలను వారి గ్రంథాల్లో ఉన్నట్లే, వారి పండితులు చెప్పినట్లే ఆయన వివరించారు. తాను ఏకదైవారాధకుడినన్న సంగతి ఎక్కడా దాచలేదు, తౌహీద్ విషయంలో రాజీపడలేదు. కానీ ముందు వారి మాట వారి మాటగా పూర్తిగా వినిపించిన తర్వాతనే తన మాట చెప్పారు. పామరుల నమ్మకాన్ని పండితుల నమ్మకానికి అంటగట్టలేదు. గజ్నవీ రాజ్యంలోనే ఉంటూ, మహ్మూద్ దండయాత్రల వల్ల ఆ ప్రాంతాలు నాశనమయ్యాయని, ముస్లింల పట్ల హిందువుల్లో విముఖత పెరిగిందని కూడా రాశారు. తాను స్వయంగా అక్షాంశాలు కొలిచిన ఊళ్లు లాహోర్, ముల్తాన్, పెషావర్, సియాల్‌కోట్ వంటివేనని, వాటికి అవతల తాను వెళ్లలేదని ఒప్పుకున్నారు. దక్షిణ దేశం గురించి విన్నది విన్నట్లుగానే చెప్పారు. ఇరుగుపొరుగు వారికి ఇస్లాం గురించి చెప్పాలనుకునే మన యువకులు ఈ పుస్తకాన్ని ఉర్దూలోనైనా చదవాలని మేము కోరుతాము. ఎదుటివారి విశ్వాసాన్ని వాళ్లే అవును, మా మాట ఇదే అని ఒప్పుకునేలా చెప్పగలిగినవాడికే దానిపై విమర్శ చేసే హక్కు దక్కుతుంది.

మహ్మూద్ తర్వాత గద్దెనెక్కిన మస్ఊద్ పేరిట ఆయన ఖానూనె మస్ఊదీ అనే ఖగోళ మహాగ్రంథం రాశారు. దానికి బహుమతిగా సుల్తాన్ ఒక ఏనుగు మోసేంత వెండి పంపాడని, ఆయన అది తనకు అక్కరలేదని తిప్పి పంపారని చరిత్రకారుడు యాఖూత్ నమోదు చేశాడు.

ఆయన చివరి ఘడియల గురించి కూడా యాఖూత్ గ్రంథంలోనే ఉంది. అక్కడ ఉన్న ఫఖీహ్ అబుల్ హసన్ వల్‌వాలిజీ చెప్పిన సంగతి ఇది. సుమారు 1048లో గజ్నీలో, డెబ్బై ఏళ్లు దాటిన బైరూనీ మరణశయ్య మీద ఉన్నారు. ఊపిరి కష్టంగా ఆడుతోంది. పరామర్శకు వెళ్లిన ఫఖీహ్‌ను ఆయన మీరాస్‌కు సంబంధించిన మస్అలా ఒకటి అడిగారు. తల్లి తండ్రికి తల్లి వంటి, ఫిఖహ్‌లో జద్దా ఫాసిదా అనబడే నానమ్మ అమ్మమ్మల వాటా లెక్క అది. నిర్ణీత వాటాదారుల్లో వీరు రారు. దగ్గరి వారసులెవరూ లేనప్పుడే ప్రస్తావన వస్తుంది. మద్రసాలో ఆఖరు తరగతుల విద్యార్థులు కూడా తడబడే చోటు. మీరెప్పుడో నాకు వివరించారు, మరొకసారి చెప్పమని ఆయన కోరారు. ఈ స్థితిలోనా అని ఫఖీహ్ జాలిపడ్డారు. ఈ మస్అలా తెలియకుండా లోకం విడవడం కంటే తెలుసుకుని విడవడం మేలు కాదా అని బైరూనీ బదులు పలికారు.

ఫఖీహ్ కూర్చుని వివరించారు. బైరూనీ ఆ వివరణను తిరిగి అప్పజెప్పి సరిచూసుకున్నారు. ఫఖీహ్ సెలవు తీసుకుని బయటికి వచ్చారు. ఆయన ఇంకా వీధిలో ఉండగానే ఇంట్లోంచి ఏడుపులు వినిపించాయి.